అయిదు రెక్కలు, అయిదు చుక్కలు

జూలై 5, శనివారం

షాహీన్ కెమెరా ఇచ్చి వెళ్ళింది. వాళ్ళ నానాది — అమ్మ వాళ్ళ నాన్నది. ఆయన పోయి పదకొండేళ్ళు. తోలు సంచి అంచులు చిట్లి పొడిపొడిగా రాలుతున్నాయి. బయటికి తీస్తే బరువు — తూకంరాయిలా.

మీట నొక్కితే చప్పుడు వస్తుంది. లోపల షట్టర్ తెరుచుకోదు. మళ్ళీ నొక్కితే సగం తెరుచుకుని ఆగుతుంది... ఎప్పటికో మూసుకుంటుంది. జ్వరం మనిషి రెప్పలా.

"నాని కూర్చుంట అన్నది శిరీ. నానా పోయినంక ఎవరు ఫోటో తీస్త అన్నా దుపట్టా అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు తనే అంటుంది — ఆయన కెమెరాతోని తీస్తెనే కూర్చుంట అని."

"మెకానిక్‌కి చూపించావా?"

"చూపిచ్చిన. పార్టులు దొరకవు, అల్మారాల పెట్టుకో అన్నడు. నీకు మిషన్లు తెలుసు గదా. జర చూడు."

నాకు తెలిసింది కుట్టు మిషన్లు. నాన్న దుకాణంలో ఉన్నవి రెండు, ఓవర్‌లాక్ ఒకటి. అయినా చూస్తానన్నాను. కాలేజీలో నన్ను ఏదైనా అడిగేది షాహీన్ ఒక్కతే.

జూలై 6, ఆదివారం

దుకాణం సెలవు. కట్టింగ్ బల్ల మొత్తం నాదే. తెల్ల లైనింగ్ గుడ్డ పరిచి, వీడియో పెట్టుకుని, ఒక్కో మెట్టూ నోట్సు రాసుకుని మొదలుపెట్టాను.

లెన్సు చుట్టూ బిగించిన ఉంగరం తిప్పడానికి పనిముట్టు లేదు. బాబిన్ చుట్టే చోట ఉండే రబ్బరు పట్టీ అదిమి తిప్పితే కదిలింది. మరలు ఎన్నో — అన్నీ ఆవగింజలంత. బటన్ల డబ్బాలో గడికొకటి పెట్టి, పైన చీటీ: మొదటి మర, రెండో మర...

ముందు గాజు వచ్చేశాక కనిపించాయి. అయిదు రెక్కలు. ఉక్కువి, కాగితం కంటే పల్చన. ఒకదాని అంచు మీద ఒకటి ఒరిగి, మధ్యలో వెలుగు దూరనివ్వకుండా మూసుకుని ఉన్నాయి. పువ్వు అనబోయి ఆగాను. పువ్వు కాదు. చెప్పే ముందు సర్దుకున్న పెదవులు. ఇది బాగుంది. ఇది ఉంచుతాను.

ఈ మధ్య ఏ వస్తువు చూసినా దానికి సరిపోయే మాట కోసం నోరు ఊరుతోంది. తెలుగు సార్ వల్ల వచ్చిన జబ్బు. ఈ డైరీ వెనక పేజీల్లో మాటలు రాసుకుంటున్నాను. ఇవాళ్టివి: ఒరపిడి. ఒరుగు. ఓరగా.

జూలై 7, సోమవారం

కాలేజీ నుంచి రాగానే మళ్ళీ కూర్చున్నాను. రెక్కలు కదలవు. సూదితో తాకితే ఒక్కటి జరుగుతుంది, మిగతావి దాన్ని వెనక్కి లాగేసుకుంటాయి.

నాన్న జాకెట్టు హుక్కులు కుడుతూ చూశాడు.

"ఏంటమ్మా, బిగుసుకుపోయిందా?"

"ఊఁ."

"చుక్క నూనె వెయ్యి. సూది మొనతో."

మా ఇంట్లో అన్నింటికీ అదే వైద్యం. కత్తెర, తాళం, ఫ్యాను, పక్కింటి ఆంటీ ట్రంకుపెట్టె. అడక్కుండానే నూనె డబ్బా చేతికొచ్చింది.

నాన్న చుక్క అన్నాడు. అయిదు రెక్కలున్నాయి కదా అని అయిదు వేశాను. ఏదీ చిన్నబుచ్చుకోకుండా.

నిమిషం. నొక్కాను. తెరుచుకుంది. మూసుకుంది. ఎంత వేగంగా... కెమెరా వెనక మూత తీసి, కిటికీకి ఎదురుగా పట్టుకుని, మళ్ళీ నొక్కాను. వెలుగు ఒక్కసారి మెరిసి మాయం. ముప్ఫై సార్లు నొక్కి ఉంటాను. ముప్ఫై సార్లూ మెరిసింది.

నాన్న కళ్ళజోడు పైకి నెట్టి — "చూశావా? ఏ మిషనైనా ఒకటే."

జూలై 8

కెమెరా ఇచ్చేశాను. షాహీన్ మెట్రో మెట్ల మీదే నన్ను పట్టుకుని ఊపేసింది. జనం తోసుకుంటూ పోతున్నారు. ఎవరో కోచింగ్ సెంటర్ కాగితం మా ఇద్దరి మధ్యలో దూర్చి వెళ్ళాడు.

జూలై 10, గురువారం

రీల్ ఎక్కించిందట. తనే, వీడియో చూసి. "రెండుసార్లు చూసిన, మూడోసారి ఎక్కిచ్చిన." ఇక అది అయిపోయేదాకా వెనక మూత తీయకూడదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ ఫోటోలు. పంజాగుట్టలో వాళ్ళ ఇల్లు, ఆస్పత్రి వెనక సందు, రెండో అంతస్తు. ముసురు కాస్త తెరిపిచ్చింది. వరండాలో కుర్చీ.

నాని పెళ్ళి బట్టలు వేసుకుంటానంది. ఖడా దుపట్టా — పెళ్ళికూతురికి వేసే పొడవాటి దుపట్టా, ఆకుపచ్చ, అంచున జరీ నల్లబడింది. కుర్తా వెనక మూసుకోలేదు. దర్జీ కూతురిని కదా, పిన్నులు పెట్టే పని నాది. పదకొండు పిన్నులు. నాని అద్దంలో చూసుకుని —

"ముందల్నుంచి దుల్హన్. ఎన్కనుంచి దర్జీ దుకాణం."

షాహీన్ నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది.

నేను ఫోన్ తీశాను. నాని చెయ్యి అడ్డం పెట్టింది.

"గా ఫోను లోపల పెట్టు బేటీ. గండ్ల కనబడతది, వేలు పెడితె ఎటో పోతది. నాకు కాగితం మీద కావాలె. పట్టుకుంటె ఉండాలె."

పెట్టేశాను. షాహీన్ కూడా తన ఫోన్ బల్ల మీద బోర్లించింది.

"నవ్వాల్నా?" అని అడిగింది నాని.

"నీ ఇష్టం నానీ."

"మీ నానా నవ్వొద్దనేటోడు. పండ్లు ఎత్తు, ఫోటో ఖరాబైతది అని. ఇప్పుడు పండ్లే లెవ్వు. ఫికరే లేదు."

అని నవ్వింది. షాహీన్ నొక్కింది. ఆ చప్పుడు నాకు వినిపించింది, శుభ్రంగా, పదునుగా. నేను బాగుచేసిన చప్పుడు. అలా ముప్ఫై ఆరు. దుపట్టా సర్దుకుంటూ, అలిగినట్టు, మెడలో గొలుసు పట్టుకుని, ఒకటి ఖాళీ కుర్చీ పక్కన వేయించుకుని. ఆఖర్న అలసిపోయింది. "బస్. ఇంక చాలు. పిన్నులు గుచ్చుకుంటున్నయ్."

పిన్నులు తీస్తుంటే వీపు చర్మం ఎంత పల్చనో. మాట దొరకలేదు. వెతకలేదు కూడా.

జూలై 15

రీల్ బేగంపేట ల్యాబ్‌లో ఇచ్చాం. వారం అన్నారు.

జూలై 19

నాని రోజూ అడుగుతోందట — "వచ్చినయా?"

జూలై 22, మంగళవారం

ఏమీ లేదు.

ల్యాబ్ అతను రీల్ పొడుగ్గా వేలాడదీసి చూపించాడు. మొదటి నుంచి చివరి దాకా ఖాళీ. పారదర్శకం. అంచున అంకెలు మాత్రం — ఒకటి, రెండు, మూడు... ఫోటో ఉండాల్సిన చోట అతని చొక్కా కనిపిస్తోంది.

"రీల్ ఎక్కలేదమ్మా. లోపల కడ్డీకి చిక్కుకోకుంటె గిట్లనే అయితది. మీరు తీస్తనే ఉంటరు, అది జరగనే జరగదు. కొత్తోళ్ళకు మామూలే."

"రిటర్న్ చుట్టేటప్పుడు బరువుందా?" అని అడిగాడు.

షాహీన్ తన చేతుల వైపు చూసుకుంది. "గుర్తు లేదన్నా."

బస్సెక్కాం. పంజాగుట్ట దిగాక — "ఎక్కిచ్చింది నేనే గదా," అంది. అంతే.

జూలై 23, బుధవారం

"ఒకసారి కెమెరా ఇవ్వు, ఆ కడ్డీ చూస్తాను," అన్నాను పొద్దున. నిజంగా కడ్డీ చూద్దామనే తెచ్చాను.

కడ్డీకి ఏమీ కాలేదు. పాత రీల్ ముక్క ఒకటి ఎక్కించి చూశాను. చక్కగా పట్టుకుంది, చక్కగా జరిగింది.

తర్వాత, ఊరికే — వెనక మూత తెరిచి, కిటికీకి పెట్టి, నొక్కాను.

చప్పుడు వచ్చింది. వెలుగు రాలేదు.

మళ్ళీ. చప్పుడు. చీకటి.

పది సార్లు. ఇరవై సార్లు. అదే పదునైన చప్పుడు. రెక్కలు కదలడం లేదు. ముందు గాజు విప్పి చూస్తే వాటి మీద నూనె పొర — రోడ్డు మీద వాన నీళ్ళలో పెట్రోలు తేలినట్టు రంగులు. అయిదూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

రీల్ సరిగ్గానే ఎక్కింది. ముప్ఫై ఆరు సార్లూ జరిగింది. షట్టరే తెరుచుకోలేదు.

షాహీన్ కాదు. నేను.

నాన్న అడిగాడు, "ఏంటమ్మా, మళ్ళీ మొరాయించిందా? ఇంకో చుక్క వెయ్యి." లేదు నాన్నా, బాగానే ఉంది అన్నాను.

జూలై 24, గురువారం

ఇవాళ చెప్పాలి అనుకుని వెళ్ళాను. మెట్రోలో వాక్యం తయారు చేసుకున్నాను కూడా. మూడు రకాలుగా.

క్యాంటీన్‌లో షాహీన్ సమోసా విరిచి తినకుండా పెట్టుకుంది.

"నానికి ఏం చెప్పాలె శిరీ? రోజూ అడుగుతుంది. నావల్లనే పోయినయ్ అంటె ఏమనదు. నవ్వుతది. గందుకే చెప్పలేకపోతున్న."

"ఇంకా రాలేదని చెప్పు," అన్నాను.

నేనే అన్నాను. నా నోటితో.

"ఇంకో రీల్ తెస్త. ఈ ఆదివారం మళ్ళ కూసోబెడదామా? కూసుంటది."

"ఈ ఆదివారం వద్దు. ముసురు. వెలుగు చాలదు. వచ్చే వారం చూద్దాం."

"కెమెరా?"

"నా దగ్గర ఉండనీ. కడ్డీ కొంచెం వదులుగా ఉంది, సరిచేస్తా."

కడ్డీ వదులుగా లేదు.

ముందు బాగుచేస్తాను. బాగుచేసి, చేతిలో పెట్టి, అప్పుడు చెప్తాను. ఉత్త చేతులతో వెళ్ళి చెప్పడం కంటే అదే నయం కదా. బాగైన కెమెరా చేతిలో ఉంటే అంత కోపం రాదు.

జూలై 25

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద గాజు డబ్బా లాంటి కొట్టు — యాదగిరి అన్న, వాచీలు బాగుచేస్తాడు. కెమెరా తీయగానే చెయ్యి ఊపాడు.

"గిది నా పని కాదు బిడ్డా."

"చూడన్నా, ఒక్కసారి."

కంటికి భూతద్దం బిగించుకున్నాడు. లెన్సు మీదికి వంగాడు. పైన రైలు వెళ్ళింది, డబ్బాలో వాచీలన్నీ సన్నగా అదిరాయి.

"నూనె ఎవరు పోసిన్రు గిండ్ల?"

నేను తోలు సంచి మూత సర్దాను.

"ఒక్క చుక్క కాదు గిది. ఇడ్లీ ప్లేట్లకు రాసినట్టు రాసిన్రు."

"తీసేయొచ్చా?"

"గీ రెక్కలు పొడిగ ఉండాలె. పొడి అంటె పొడి. ఇంత తడి ఉన్నా ఒకదాన్నొకటి పట్టుకుంటయ్. వైట్ పెట్రోల్ వెయ్యి, ఆడించు, తుడువు. మళ్ళ వెయ్యి, ఆడించు, తుడువు. దూది పెట్టకు, పోగులు చిక్కుతయ్. ఓపిక ఉందా?"

ఉందన్నాను.

"ఎవరిది?"

"నా ఫ్రెండ్‌ది."

భూతద్దం తీసి నా వైపు చూశాడు.  చిన్న సీసాలో పెట్రోలు పోసిచ్చాడు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి కూడా ఇచ్చాడు. మళ్ళీ తెచ్చివ్వమన్నాడు.

జూలై 27, ఆదివారం

ఎండ కాసింది. రోజంతా. వెలుగు బ్రహ్మాండంగా ఉంది.

షాహీన్ పొద్దున్నే మెసేజ్ పెట్టింది — "చూడు ఎండ! అయ్యో, తీయాల్సింది ఇవ్వాళ."

నేను కిటికీ రెక్క ఒకటి మూసి, బల్ల ముందు కూర్చుని తుడుస్తున్నాను. నాలుగు సార్లు పెట్రోలు వేశాను. ప్రతిసారీ తెరుచుకుంటుంది, హాయిగా. పెట్రోలు ఆరగానే వెనక నుంచి నూనె మళ్ళీ పాకి వస్తుంది. నేను వేసింది ఎక్కడెక్కడికి పోయిందో నాకే తెలియదు.

జూలై 28

ఆరు సార్లు. నల్లటి చారలు తగ్గాయి. మధ్యాహ్నం బాగుంది. సాయంత్రం చూస్తే మళ్ళీ నెమ్మది.

జూలై 29

తెలుగు సార్ వ్యాసం వెనక్కిచ్చారు. మార్జిన్‌లో "నిజాయితీగా ఉంది" అని రాశారు. మా వీధి గురించిన వ్యాసం. సంచిలో అడుక్కి తోసేశాను.

జూలై 30, బుధవారం

నానికి జలుబు, కొంచెం జ్వరం. "ఏం లే, వానకాలం," అంది షాహీన్. అయినా అడుగుతూనే ఉందట. "ఫోటోలు కడిగేటోనికి నేను నచ్చలేదా ఏంది, ఇస్తలేడు" అని నవ్విందట.

షాహీన్ కింద పెదవి కొరుక్కుంటోంది ఈ మధ్య. అక్కడ పుండు పడింది.

చెప్పొచ్చు. నడుస్తూ నడుస్తూ చెప్పొచ్చు. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు చెప్పొచ్చు. కాని సగం బాగైన కెమెరాతో చెప్పి ఏం లాభం...

వెనక పేజీలో మాటలు రాసి వారమైంది.

ఆగస్టు 1, శుక్రవారం

పొడి.

పొద్దున లేవగానే, చల్లగా ఉన్నప్పుడు నొక్కాను. తెరుచుకుంది. కాలేజీ నుంచి వచ్చి నొక్కాను. తెరుచుకుంది. రెక్కలు మట్టిరంగుగా ఉన్నాయి, రంగులు లేవు, మెరుపు లేదు. యాదగిరి అన్న దగ్గరికి తీసుకెళ్తే పది సార్లు ఆడించి చూశాడు.

"అయింది పో. ఇంక దీన్ని ముట్టకు."

"ఇవాళే ఇచ్చేయొచ్చా?"

"నూనె పోసినప్పుడు గూడ నొక్కంగనే నడిచుంటది గదా. ఈసారి రెండు దినాలు చూడు."

రెండు రోజులు చూడమన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

రెండు రోజులయ్యాయి. నడుస్తోంది. ఇవాళే వెళ్ళి ఉండొచ్చు, ఆదివారం కదా.

వెళ్ళలేదు. ఇంకొక్క రోజు చూద్దామనుకున్నాను. రేపు సోమవారం, ఎలాగూ కాలేజీలో కలుస్తుంది. కెమెరా సంచిలో సర్దిపెట్టాను. తోలు అంచులకి దారంతో కుట్టు కూడా వేశాను, పని మంచిగా కనబడాలని.

ఆగస్టు 4

షాహీన్ కాలేజీకి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ తమ్ముడు ఎత్తాడు. నానికి ఊపిరి ఆడటం లేదు, పొద్దున ఆస్పత్రికి తెచ్చారు. ఇంటి పక్కనే ఆస్పత్రి — "దగ్గర్నే ఉంది గదా అక్కా, ఫికర్ చెయ్యకు."

కెమెరా సంచిలోనే ఉంది. భుజం నొప్పి.

ఆగస్టు 5, మంగళవారం

నాని పోయింది.

ఆగస్టు 6

నిన్న సాయంత్రానికే తీసుకెళ్ళిపోయారు. నేను ఇవాళ వెళ్ళాను. ఆడవాళ్ళంతా లోపలి గదిలో, నేల మీద తెల్ల దుప్పటి. మూలగా కూర్చున్నాను. ఎవరో నీళ్ళిచ్చారు.

బొంబాయి నుంచి వచ్చిన వాళ్ళ మేనమామ ఫోటో ఏదైనా ఉందా అని అడిగాడు. తన దగ్గర పెట్టుకోడానికి. వెతికారు. ఆల్బమ్‌లో నానా తీసినవి ఉన్నాయి — పాతికేళ్ళ నాని, నలభయ్యేళ్ళ నాని. నవ్వని నాని. ఈ పదకొండేళ్ళవి ఫోన్లలో ఉన్నాయి. అన్నింట్లో దుపట్టా, వేళ్ళు, తిప్పేసుకున్న తల.

చివరికి ఆధార్ కార్డు దొరికింది. అందులో నాని ఎవరో గద్దించినట్టు బెదిరిపోయి చూస్తోంది. మామ దాన్నే ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. సరిగ్గా రాక, రెండోసారి తీసుకున్నాడు.

షాహీన్ అది చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, చెవి దగ్గర, ఎవరికీ వినబడకుండా —

"ఒక్క రీల్ ఎక్కియ్య రాలేదు నాకు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. 

ఆగస్టు 9

లెక్క వేశాను. జూలై ఇరవై మూడు నుంచి ఆగస్టు అయిదు. పదమూడు రోజులు. అందులో పదకొండు రోజులు ఆమె లేచి తిరిగింది, తిన్నది, అడిగింది. రెండు ఆదివారాలు. ఒకటి ఎండ కాసింది.

నాకు తెలిసిన రోజే చెప్పి ఉంటే? కెమెరా అప్పటికి బాగవదు. నిజమే. కాని కెమెరా చెడిందని తెలిస్తే షాహీన్ ఇంకో కెమెరా ఎక్కడి నుంచైనా తెచ్చేది. కాళ్ళు పట్టుకుని ఫోన్‌కైనా ఒప్పించేది. "ఆయన కెమెరా చెడింది నానీ, ఈ ఒక్కసారికి" అంటే ఒప్పుకునేదేమో. ఒప్పుకోకపోనూ వచ్చు. అడిగే వీలు లేకుండా చేసింది నేను. ఫోటోలు వస్తాయని ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది.

నూనె వేసినప్పుడు నాకు తెలియదు. చివరి పదమూడు రోజులు తెలుసు.

ఆగస్టు 11

షాహీన్ కాలేజీకి వచ్చింది. సన్నబడింది. పెదవి పుండు మానలేదు. ఎవరైనా పలకరిస్తే "మంచిగనే ఉన్న" అంటుంది. మధ్యాహ్నం పెన్ను మూత పెట్టబోయి పెట్టలేక, "నా చేతులు ఎందుకూ పనికిరావు" అంది. ఊరికే అన్నట్టు అంది.

ఇక ఆగకూడదు.

ఆగస్టు 12

రాత్రంతా... లేదు, దాని గురించి రాయను. పొద్దున అమ్మ "కళ్ళేంటి అలా ఉన్నాయి" అంది. చదువుకున్నానని చెప్పాను.

ఆగస్టు 14, గురువారం

చెప్పాను.

పంజాగుట్ట మెట్రో స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద. కెమెరా ఆమె ఒళ్ళో పెట్టాను.

"రీల్ నీ తప్పు కాదు షాహీన్."

చూసింది.

"నేను బాగుచేసినప్పుడు నూనె వేశాను. వేయకూడదట. అయిదు చుక్కలు వేశాను. వారంలో రెక్కలు అతుక్కుపోయాయి. నువ్వు నొక్కినప్పుడు చప్పుడొచ్చింది కాని తెరుచుకోలేదు. ఒక్కసారి కూడా."

రైలు వచ్చింది. ఆగింది. వెళ్ళింది. మేం ఎక్కలేదు.

"అంటె రీల్ మంచిగనే ఎక్కింది?"

"మంచిగానే ఎక్కింది."

"నేను ఎక్కిచ్చింది కరెక్టే?"

"కరెక్టే."

ముఖం చేతుల్లో పెట్టుకుంది. కోపమనుకున్నాను. కాదు. భుజాలు దిగిపోయాయి — ఎవరో బరువు దించినట్టు. చాలాసేపు ఏడ్చింది, వాళ్ళింట్లో కూడా అలా ఏడవలేదు.

"ఈ చేతుల్ని ఇరగ్గొట్టుకుందామనుకున్న శిరీ. రోజూ అనుకున్న."

"నన్ను తిట్టు."

"ఎందుకు తిడత? నువ్వు మంచి చేద్దామనే చేసినవ్. నీకేం ఎర్క, నూనె ఏస్తె గిట్లయితదని." ముక్కు తుడుచుకుంది. తర్వాత, మామూలుగా, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు — "ఎప్పుడు ఎర్కయింది నీకు?"

వాక్యం నా దగ్గర ఉంది. జూలై ఇరవై మూడు, బుధవారం. నాలుగు రోజులుగా నోట్లో తిప్పుకున్న వాక్యం.

"మొన్న," అన్నాను. "నీకు ఇచ్చే ముందు ఒకసారి శుభ్రం చేద్దామని విప్పితే కనబడింది."

ఎంత సులువుగా వచ్చింది.

షాహీన్ తలూపింది. కెమెరా తోలు సంచి మీద కొత్త కుట్టు వేలితో తడిమింది.

"కొంచెం ముందల ఎర్కయితె మంచిగుండు గదా," అంది. "నాని ఇంకా పదిదినాలు మంచిగనే ఉండె. మళ్ళ కూసోబెడుతుంటిమి." నా ముఖం చూసి భయపడినట్టుంది. వెంటనే నా చెయ్యి నొక్కింది. "ఏయ్, ఊకో. తెల్వకపాయె గదా. ఏం జేస్తం. ఊకో."

నన్ను ఓదార్చింది. తర్వాతి రైలు వచ్చేదాకా నా వీపు నిమురుతూ కూర్చుంది.

ఆగస్టు 15

సెలవు. నాన్న దుకాణం తీయలేదు. మిషన్లకి నూనె వేసుకున్నాడు. నేను ఇంకో గదిలోకి వెళ్ళిపోయాను.

ఆగస్టు 16

షాహీన్ ఫోన్. వాళ్ళ అమ్మీ మాట్లాడింది. కెమెరా చూసి ఏడ్చిందట. "నలభయ్యో రోజు భోజనానికి తప్పకుండ రావాలె బేటీ. ఇంటి పిల్లవు నువ్వు."

వస్తానన్నాను.

మెసేజ్ రాశాను. మొన్న కాదు, ఆ బుధవారమే తెలుసు అని. చెరిపేశాను. మళ్ళీ రాశాను. ఇప్పుడు చెబితే ఆమెకి ఏం మిగులుతుంది? తన చేతులు మంచివే అని తెలిసి రెండు రోజులే అయింది. పెదవి మానుతోందేమో. ఇది ఆమె కోసం ఆలోచించడమా, లేక మళ్ళీ "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనడమా... నాకు తేడా తెలియడం లేదు. తెలుసు.

చెరిపేశాను.

ఆగస్టు 18, సోమవారం

మూడో పీరియడ్ ముందు షాహీన్ వెనక బెంచీ వాళ్ళతో అంటోంది. నేను వింటున్నానని తెలిసే అంటోంది.

"చెప్పకుంటె ఎవరికెర్కయితుండె? ఎవ్వరికీ కాకపోవు. నేనే తప్పు చేసిన అనుకుంటుంటి జీవితమంత. తనంతల తనే వచ్చి చెప్పింది. ఎంతమంది చెప్తరు గట్ల?"

"నిజమే," అంది ఎవరో.

నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుని ఉన్నాను. ఏమీ వెతకడం లేదు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. భుజానికి భుజం తగిలింది. పెదవి మీద పుండు ఎండి, పొక్కు కట్టింది.

"ఏమైంది, ముఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు. షాహీన్..."

"ఊఁ?"

సార్ వచ్చారు. అందరూ లేచారు, కూర్చున్నారు.

నాని పోయిన వారం రాలేదు కాబట్టి ఆమెకి ఈ పాఠం మొదలు తెలియదు. నా నోట్సు మధ్యకి జరుపుకుంది. సార్ చెబుతూనే ఉన్నారు, బోర్డు నిండా రాస్తూనే ఉన్నారు. గంట మొత్తం ఆమె నా పుస్తకంలో చూసే రాసుకుంది. ఒక్కసారి కూడా తలెత్తి బోర్డు వైపు చూడలేదు.